అక్టోబర్‌లో చర్చిలో పంచే 'క్రైస్తవ ఓటరు గైడ్': ఐదుకి రెండు స్టార్లు

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగు సంఘాలకి వెళ్ళేవాళ్ళు ఈ కాగితం చూసే ఉంటారు. అక్టోబర్ వచ్చిందంటే ఆరాధన అయ్యాక కాఫీ టేబుల్ దగ్గర ఎవరో ఒక అంకుల్ చేతిలో పెడతారు. ఉచితమే. నున్నటి కాగితం, మూడు మడతలు, లోపల రిపబ్లికన్‌కి ఒక వరస, డెమొక్రాట్‌కి ఒక వరస, పక్కన అంశాలు, ఎదురుగా 'అవును', 'కాదు'. వేసిన సంస్థ పేరు రాయను, ఇలాంటివి వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోటోలు చూస్తేనే సంగతి అర్థమైపోతుంది: రిపబ్లికన్ ఆయన స్టూడియోలో దిగినట్టు చక్కగా నవ్వుతుంటాడు, డెమొక్రాట్ ఆవిడని మాత్రం నోరు తెరిచి అరుస్తున్నప్పుడు పట్టారు. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'ఎవరికీ మద్దతు కాదు, అవగాహన కోసమే' అని ఉంటుంది. పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదని 1954 నాటి జాన్సన్ సవరణ చెప్తుంది కదా, అందుకని ఆ జాగ్రత్త.

బాగున్నది ముందు చెప్తాను. అబార్షన్ మీద ఎవరి మాట ఏంటో ఒక్క చూపులో తెలుస్తుంది. దేశమంతటా అబార్షన్‌ని హక్కు చేసిన పాత రో తీర్పుని 2022లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ విషయం రాష్ట్రాల చేతికి వచ్చింది కాబట్టి, మన రాష్ట్ర అసెంబ్లీకి నిలబడినవాళ్ళ వైఖరి తెలియడం నిజంగా పనికొచ్చేదే. పైగా టెక్సాస్ బ్యాలెట్ మామూలు పొడుగు కాదు, ఇక్కడ జడ్జీలు కూడా పార్టీ పేరుతోనే నిలబడతారు, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళకి దాన్ని చూస్తేనే టెన్షన్, అలాంటప్పుడు చేతిలో ఏదో ఒక కాగితం ఉంటే నయమే.

చిరాకంతా అంశాల ఎంపిక దగ్గరే. ఆదాయపు పన్ను, తుపాకులు క్రైస్తవ అంశాలట! శరణార్థులు లేరు, జైళ్ళు లేవు, ఆఫ్రికాకి ఎయిడ్స్ మందులు పంపే పథకం ఊసే లేదు. 2003లో దాన్ని మొదలుపెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్, వెనక నిలబడినవాళ్ళలో ఎవాంజెలికల్స్ (బైబిల్‌నే ప్రమాణంగా పట్టుకునే ప్రొటెస్టెంట్లు) చాలామంది ఉన్నారు, అయినా గైడ్‌లో చోటు దొరకలేదు. తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో పదిమందికి ఎనిమిది మంది దాకా ట్రంప్‌కి వేస్తుంటే, అదే బైబిల్ చదివే నల్లజాతి ప్రొటెస్టెంట్లలో అత్యధికులు డెమొక్రాట్లకి వేస్తారు. మరి వీళ్ళు ఏ వరసలోకి వస్తారు? రెండు పార్టీలూ ప్లేట్ మీల్స్ లాంటివి, నచ్చిన కూర ఒక్కటే వేయమంటే కుదరదు. ఈ గైడ్ మాత్రం ఒక ప్లేట్ మొత్తానికీ ప్రార్థన చేసి పెట్టినట్టు మాట్లాడుతుంది.

మూడో పార్టీల గురించి ఒక్క ముక్క లేదు, దానికి నేను పెద్దగా తప్పు పట్టను. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గెలవడం చూసిన మన పెద్దవాళ్ళకి ఇది మింగుడుపడదు గానీ, 1992లో అధ్యక్ష పదవికి స్వతంత్రంగా నిలబడ్డ రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లు పడితే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో (ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని ఉంటాయి) ఒక్కటి కూడా రాలేదు. రాష్ట్రంలో మొదటొచ్చినవాడికే అన్నీ పోతాయి కాబట్టి (రెండు చిన్న రాష్ట్రాలు తప్ప) ఆట ఆ రెండు పార్టీల మధ్యే.

అలాంటప్పుడు ఆ పార్టీల లోపల ఎవరు నిలబడాలో తేలే చోట కదా గైడ్ కావాల్సింది! అది మార్చిలో జరిగే ప్రైమరీ. టెక్సాస్‌లో పార్టీలో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, రెండిట్లో ఏదో ఒకదానికి వెళ్ళి ఓటేయొచ్చు, వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి ఒక సంఘం కదిలినా తేడా కనిపిస్తుంది. ఇల్లినాయిలో అబార్షన్‌ని వ్యతిరేకించే డెమొక్రాట్, కాంగ్రెస్ సభ్యుడు డాన్ లిపిన్‌స్కీ ఓడిపోయింది 2020 మార్చి ప్రైమరీలోనే, సొంత పార్టీవాళ్ళ చేతిలోనే. అటు రిపబ్లికన్లు 2024లో దేశవ్యాప్త అబార్షన్ నిషేధం మాటని తమ ప్లాట్‌ఫారమ్ (పార్టీ విధానాల పత్రం) నుంచి తీసేశారు. ఇవన్నీ అయిపోయాక తీరిగ్గా అక్టోబర్‌లో ఈ కాగితం వచ్చి, 'చూశారా, ఆ పార్టీలో మనవాళ్ళే లేరు' అంటుంది. ఫిబ్రవరిలో వేస్తే ఇంకో రెండు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

వద్దనను, తీసుకోండి, కానీ దీంతోపాటు లీగ్ ఆఫ్ ఉమెన్ వోటర్స్ అనే, ఏ పార్టీకీ చెందని సంస్థ వాళ్ళ గైడ్ కూడా చూడండి. అందులో అభ్యర్థులు తమ జవాబులు తామే రాస్తారు, రాయనివాళ్ళ చోటు ఖాళీగా ఉంటుంది. అది ప్రైమరీకి కూడా వస్తుంది. ప్రింట్ తీసుకుని వెళ్ళండి, ఇక్కడ పోలింగ్ దగ్గర 100 అడుగుల లోపల ఫోన్ తీయనివ్వరు.