అక్షరాల లెక్కతో ఆంగ్ల పదాలను వెతికే సాధనం: నాలుగేళ్ల వాడకం తరువాత

నల్లగొండ జిల్లాలో, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద ఉన్న ఒక ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను ఆంగ్లం బోధిస్తున్నాను. ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో నల్లబల్ల మీద గళ్లు గీసి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక చిన్న గడినుడి ఇస్తాను. గళ్లకు సరిపడే పదాల కోసం నిఘంటువు పేజీలు తిప్పీ తిప్పీ అలసిపోయి, నాలుగేళ్ల కిందట పదాలు వెతికిపెట్టే ఒక సైటును వాడడం మొదలుపెట్టాను. పదంలో ఎన్ని అక్షరాలుండాలో, ఏవి తప్పక ఉండాలో, ఏవి ఉండకూడదో, ఏ అక్షరం ఏ స్థానంలో రావాలో చెబితే, వాటికి సరిపోయే ఆంగ్ల పదాలన్నిటినీ అది చూపిస్తుంది. ఇలాంటివి మూడు వాడి చూశాను. వాటి తీరు దాదాపు ఒకటే కాబట్టి పేర్లు చెప్పకుండా రాస్తున్నాను.

తెలుగు గడినుడిలో గడికి ఒక అక్షరం పడుతుంది. ఒత్తులు, గుణింతపు గుర్తులు ఎన్ని ఉన్నా ‘స్త్రీ’ ఒక్క గడిలోనే ఇముడుతుంది. ఆ అలవాటుతో చెవికి వినబడిన దాన్నే లెక్కపెట్టే పిల్లవాడికి, ‘త్రూ’ అన్న మాటకు టి, హెచ్, ఆర్, ఓ, యు, జి, హెచ్ అని ఏడు గళ్లు ఎందుకు కావాలో తోచదు. ఈ సాధనం నాకు ఎక్కువగా పనికొచ్చింది ఇక్కడే. జి, హెచ్, టి అక్షరాలతో ముగిసే ఐదక్షరాల పదాలను అడిగితే నైట్, లైట్, రైట్, ఫైట్, టైట్, ఎయిట్ ఒక్కచోట వచ్చాయి. ఆరుకు పెంచితే బ్రైట్, ఫ్లైట్, హైట్, వెయిట్ వచ్చాయి. ఏడుకు పెంచితే థాట్, బ్రాట్ చేరాయి. వాటిని నల్లబల్ల మీద మూడు వరుసలుగా రాసి చదివించినప్పుడు, జి, హెచ్ రెండూ పలకవని నేను చెప్పకముందే పిల్లలు చెప్పారు. సూత్రం ముందు చెప్పి ఉదాహరణలు తరువాత ఇచ్చిన రోజుల్లో ఈ పాఠానికి రెండు పీరియడ్లు పట్టేది.

ఉండకూడని అక్షరాలను చెప్పే గడిని చాలామంది పట్టించుకోరు, కానీ నాకు అది అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఏ, ఈ, ఐ, ఓ, యు ఐదింటినీ తీసేయమంటే ఆరక్షరాలలో రిథమ్, ఐదక్షరాలలో నింఫ్, జీవశాస్త్రం పాఠంలో వచ్చే లింఫ్ కనిపిస్తాయి. క్యూ ఉండి యు లేని ఐదక్షరాల పదాలను అడిగిన రోజున తలాక్, ఫకీర్, నికాబ్, కిబ్లా వచ్చాయి. దర్గా ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్టను చూస్తూ పెరిగిన నల్లగొండ పిల్లలకు ఈ మాటలు ఇంగ్లిష్ కన్నా ముందే తెలుసు. అవి ఆంగ్ల పదాల జాబితాలో కూడా ఉన్నాయని చూసి వారికి కలిగిన సంతోషం నాకు గుర్తుండిపోయింది.

జాష్ వార్డిల్ రూపొందించిన వర్డిల్ ఆట 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చి, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ చేతికి వెళ్లిన తరువాత ఐదక్షరాల వెతుకులాట బాగా పెరిగింది. ఆరు ప్రయత్నాలలో ఒక పదాన్ని పట్టుకోవలసిన ఆ ఆటకు ఈ సాధనం సరిగ్గా సరిపోతుంది, కానీ ప్రతి ప్రయత్నానికీ దీన్నే అడిగితే ఆడేది మనం కాదు.

ఇక లోపాలు. కొత్తగా వాడేవారు ముందుగా పొరబడేది ‘ఈ అక్షరాలు ఉండాలి’, ‘ఈ అక్షరాలతోనే తయారవ్వాలి’ అనే రెండు గడుల మధ్య. ఎల్, ఐ, ఎస్, టి, ఈ, ఎన్ అక్షరాలను రెండో గడిలో ఇచ్చి ఆరక్షరాలు అడిగితే లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్ లాంటివి కొన్నే వస్తాయి. అవే అక్షరాలను మొదటి గడిలో ఇచ్చి పొడవు చెప్పడం మరిస్తే వందల పదాలు వచ్చిపడతాయి. రెండోది జంట అక్షరాల సంగతి. షీప్, గ్రీన్, స్వీట్ లాంటి పదాల కోసం ‘ఈ’ని రెండుసార్లు ఇస్తే, నేను మొదట వాడిన సైటు దాన్ని ఒక్కసారిగానే లెక్కించి బ్రెడ్‌ను కూడా చూపించింది. తరువాత వాడినది రెండుసార్లూ లెక్కించింది గానీ, అక్షరాలు పక్కపక్కనే ఉండాలన్న షరతు లేక దీజ్, వేర్ పదాలను కలిపేసింది. స్థానాల వారీగా ఇచ్చినప్పుడే ఫలితం కచ్చితంగా ఉంటుంది.

మూడోది వర్ణక్రమం. మన పాఠ్యపుస్తకాలలో కలర్ అన్న పదానికి ఆరు అక్షరాలు, అమెరికా పద్ధతిలో ఐదే. ఈ సైట్లు రెండిటినీ ఏ గుర్తూ లేకుండా చూపిస్తాయి. సెంటర్ విషయంలో పొడవు ఒకటే అయినా చివరి రెండు అక్షరాలు తారుమారవుతాయి కాబట్టి పొరపాటు ఇంకా తేలికగా దొర్లుతుంది. ఒకసారి నేను గమనించకుండా ఐదు గళ్లే గీసి, సరిగ్గా రాసిన పిల్లల జవాబు తప్పని చెప్పాను. మరుసటి సోమవారం తరగతిలో నా తప్పును చెప్పి సరిదిద్దుకోవలసి వచ్చింది.

పదాల జాబితాలు చాలావరకు స్క్రాబుల్ ఆట కోసం కూర్చినవి కావడం వల్ల, గరుకు లావాకు హవాయి భాష నుంచి వచ్చిన ‘ఆఆ’ వంటి రెండక్షరాల పదాలు కూడా మామూలు పదాల పక్కనే నిలబడతాయి. ఆటకు అవి అవసరమే గానీ ఎనిమిదో తరగతికి భారమే. నలభై పదాలు వస్తే, పెన్సిల్‌తో ఆరింటికి గుర్తు పెట్టుకుని మిగతావి వదిలేస్తాను.

ఊళ్లో సిగ్నల్ అందని రోజులకు, పదాల జాబితాను ఒక ఫైలుగా దాచుకుని, లినక్స్ కంప్యూటరులో గ్రెప్ అనే ఆదేశంతో వెతుకుతున్నాను. అందులో ఒక చుక్క అంటే ఏదైనా ఒక అక్షరం. వరుస మొదలుకు టోపీ గుర్తు, చివరకు డాలరు గుర్తు పెట్టి మధ్యలో ఐదు చుక్కలు ఉంచితే ఐదక్షరాల పదాలే వస్తాయి. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ప్రకటనలు లేవు, జంట అక్షరాలను ఎలా కావాలంటే అలా అడగవచ్చు, కాబట్టి ఇప్పుడు ఎక్కువగా దీన్నే వాడుతున్నాను.

ఈ రెండు మార్గాల్లోనూ అర్థం దొరకదు, నిఘంటువు పక్కన ఉండవలసిందే. మొదట బి, నాలుగో స్థానంలో డి, చివర టి ఉన్న తొమ్మిదక్షరాల పదాన్ని అడిగితే బాండికూట్ వచ్చింది. అది మన ‘పందికొక్కు’ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట అని నిఘంటువులోనే చూశాను. ఆ శనివారం తొమ్మిది గళ్లు గీసి, ‘వరి పొలం గట్టును తవ్వేది, పేరు మన భాష నుంచే వెళ్లింది’ అని ఆధారం ఇచ్చాను. ఎలుక జాతి అని మరో మాట చెప్పేలోపే, తెలుగు పేరు వెనక బెంచీ నుంచి వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలు తొమ్మిదీ నింపడానికి మాత్రం తరగతి అంతా కలిసి పావుగంట కూర్చుంది.