ఇంగ్లీషు మాటల పుట్టుకకు ఎటిమ్‌ఆన్‌లైన్ ఎంతవరకు పనికొస్తుంది?

డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ కూర్చిన ఈ సైట్లో మాట వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. దీని సత్తా తెలియాలంటే 'నైస్' కొట్టి చూడండి. పదమూడో శతాబ్దం చివర్లో ఆ మాటకు అర్థం మూర్ఖుడు! లాటిన్‌లో 'నె' అంటే కాదు, 'స్కిరే' అంటే తెలియడం. రెండూ కలిసిన 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. అక్కణ్ణుంచి పిరికి, ఆపైన ప్రతిదానికీ వంకలు పెట్టే, నాజూకైన, నిక్కచ్చి అయిన అంటూ అర్థం మారుతూ వచ్చి, 1769కి 'బాగున్న', 1830కి 'మంచి మనసున్న' దగ్గర తేలింది. సైన్స్ కూడా ఆ 'స్కిరే' నుంచే వచ్చింది. ఒకే తల్లి కడుపున ఇద్దరూ ఎలా పుట్టారో!

చదివేటప్పుడు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. '13సి' (సి అంటే సెంచరీ, శతాబ్దం) అని కనిపిస్తే 1300ల తర్వాతి కాలం అనుకుంటారు. అది 1201 నుంచి 1300 వరకు. పక్కనిచ్చిన సంవత్సరం మాట పుట్టిన ఏడు కాదు, రాతలో మొదట దొరికిన ఏడు. అంతకంటే పాత రాత బయటపడితే అదీ వెనక్కి జరుగుతుంది. మాట ముందు నక్షత్రం గుర్తుంటే రాతలో ఎక్కడా లేదని, భాషావేత్తలు ఊహించి కట్టిన రూపమని అర్థం. నామవాచకానికీ క్రియకూ పేజీలు వేరు. 'షాంపూ' అసలు కథ క్రియ దగ్గరుంది: 1762లో ఒళ్లు పిసకడం, హిందీ 'చాంపో' నుంచి, తలంటుకోవడమన్న అర్థం 1860లో.

మనవాళ్లు తప్పకుండా చూడాల్సింది 'బాండికూట్'. అది మన పందికొక్కే. 1789లో ఇంగ్లీషులోకి దూరి, 1827కల్లా ఆస్ట్రేలియాలో పిల్లల్ని పొట్ట సంచిలో మోసే ఒక జంతువుకు పేరైపోయింది.

నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిపితే 'న్యూస్' అయిందని వాట్సాప్‌లో వచ్చే ముచ్చటకు కూడా ఇక్కడ జవాబుంది: అది 'న్యూ'కు బహువచనం, అంతే.

లోటు ఒకటే: ఏడు ఇస్తాడు గానీ ఆ ఏటి వాక్యాన్ని ప్రతిచోటా చూపించడు. పాఠం చెప్పేవాళ్లకు ఇది చాలు. పరిశోధన రాసేవాళ్లు మాత్రం యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్‌తో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తెరవాలి. దానికి చందా కట్టాలి, కానీ ప్రతి అర్థం కిందా తేదీలవారీగా అసలు వాక్యాలుంటాయి.