లోహాన్ని లాగేయాలా, ఉన్నచోటే అడ్డుపడాలా: ఏది మేలు?

బెంగళూరు బొమ్మసంద్ర వైపు ల్యాబుల్లో కొత్తగా చేరే మన తెలుగు పిల్లలకి ఎప్పుడూ ఒకటే సందేహం: ప్రొటీన్ ముక్కలైపోకుండా ఈడీటీఏ వేయాలా, ఫెనాంత్రోలిన్ వేయాలా (రెండూ లోహాన్ని పట్టి లాగేసే రసాయనాలే)? ముందు ఏ పనికో చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

ప్రొటీన్లని కోసే ఎంజైముల్లో ఒక జాతికి లోహం లేకపోతే పని జరగదు, ఎక్కువగా అది జింకే. ఎంజైము గుంటలో కూర్చున్న జింకు ఒక నీటి అణువుని పట్టి ఉంచుతుంది, ఆ నీరే పెప్టైడ్ బంధాన్ని (ప్రొటీన్ గొలుసులో లంకెని) తెంచేది. దీన్ని ఆపాలంటే రుబ్బురోల్లోంచి పొత్రం ఎత్తుకుపోవాలి, లేదా పొత్రం అక్కడే ఉండగా సందులో గులకరాయి ఇరికించాలి.

ఈడీటీఏది మొదటి దారి. చవక, ప్రతి ల్యాబులోనూ ఉంటుంది, పీహెచ్ 8 దగ్గరికి తెచ్చేదాకా కరగకుండా విసిగించడం తప్ప పెద్ద బాధ లేదు. కానీ దానికి జింకైనా కాల్షియమైనా నికెలైనా ఒకటే. హిస్-ట్యాగ్ (నికెల్‌కి అంటుకునే తోక) తగిలించిన ప్రొటీన్ ఉన్న లైసేట్‌లో, అంటే కణాల్ని పగలగొట్టిన ద్రవంలో, ఈడీటీఏ కలిపి మామూలు నికెల్ కాలమ్ మీద పోశారనుకోండి, నీలంగా ఉన్న రెసిన్ (నికెల్ పట్టుకున్న పూసలు) పైనుంచి కిందికి మీ కళ్లముందే తెల్లబడిపోతుంది, ప్రొటీన్ అంటుకోకుండా కిందికి కారే ఫ్లో-త్రూలో పోతుంది. (కొన్ని కొత్తరకం రెసిన్లు కొంత తట్టుకుంటాయి, రేటు చూసి మాట్లాడండి.) అందుకని ప్రొటీన్ కోతని ఆపే ‘ఈడీటీఏ-ఫ్రీ’ బిళ్లలు కొంటారు, మంచిదే, కానీ వాటిలో చాలావాటికి సెరీన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలతో కోసే ఎంజైముల్ని ఆపడమే తెలుసు, లోహం మీద నడిచే ఎంజైములు హాయిగా తమ పని తాము చేసుకుంటాయి. ఇది చాలామందికి తట్టదు. అలాంటప్పుడు ఐసు మీద త్వరగా పని ముగించి, కాలమ్ దాటాక ఈడీటీఏ కలపడమే నయం, మీ ప్రొటీన్‌కే లోహం అవసరమైతే తప్ప.

‘ఇది నిజంగా జింకు ఎంజైమేనా’ అని తేల్చాలంటే మాత్రం నా ఓటు 1,10-ఫెనాంత్రోలిన్‌కే. జైమోగ్రామ్‌లో (జెల్‌లో కలిపిన ప్రొటీన్‌ని ఎంజైము తిన్నచోటు తెల్లగా కనిపించే పరీక్ష) నీలం జెల్ మీద 72, 92 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర కనిపించే తెల్లటి గీతలు ఈడీటీఏతో మాయమైనంత మాత్రాన జింకు సంగతి రుజువు కాదు. ఆ గీతలకి కారణమైన ఎంజైములకి కాల్షియం కూడా కావాలి, ఈడీటీఏ దాన్నీ ఊడ్చేస్తుంది. ఫెనాంత్రోలిన్ కాల్షియం జోలికి పెద్దగా పోదు. పక్కనే 1,7-ఫెనాంత్రోలిన్ కూడా పెట్టండి: అవే పరమాణువులు, అదే బరువు, కానీ రెండు నైట్రోజన్లూ ఎడంగా ఉండటం వల్ల లోహాన్ని పట్టలేదు. 1,10తో గీత పోయి 1,7తో నిలిస్తే నేను నమ్ముతాను. ఫెనాంత్రోలిన్ విషపదార్థం, గ్లవ్స్ మర్చిపోవద్దు.

మందుల దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఒంట్లోంచి కాల్షియం అమాంతం లాగేస్తే మనిషే పోతాడు, కాబట్టి అక్కడ గులకరాయే గతి. బ్రెజిల్ పింజరపాము విషంలోని పెప్టైడ్ల నుంచి సూచన అందుకుని స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి తయారుచేసిన బీపీ మందు కాప్టోప్రిల్ (అమెరికాలో 1981లో అనుమతి) గంధకంతో, రక్తపోటు పెంచే ఏసీఈ ఎంజైము జింకుని గట్టిగా పట్టుకుంటుంది, కొందరికి దద్దుర్లు, నోటి రుచి పోవడం లాంటివి తెచ్చిపెట్టింది. తర్వాతొచ్చిన ఎనలాప్రిల్, లిసినోప్రిల్, మన ఇళ్లలో పెద్దవాళ్ల బీపీ మాత్రల్లో కనిపించే రామిప్రిల్, ఇవన్నీ గంధకం మానేసి కార్బాక్సిల్‌తో సరిపెట్టుకున్నాయి. జింకు మీద పట్టు తగ్గినా మిగతా అణువు గుంటలో ఒద్దికగా కూర్చోవడంతో మందుగా అవే మేలనిపించాయి.

పట్టుకే పెద్దపీట వేసిన మారిమాస్టాట్ అనే మందు క్యాన్సర్ పరీక్షల్లో బోల్తాపడింది. హైడ్రాక్సమేట్ అనే కొక్కెంతో పట్టి జింకుని వదలదు, కానీ ఏ ఎంజైమనే తేడా కూడా చూడదు, కీళ్లూ కండరాలూ నొప్పులతో రోగులు అల్లాడారు. విచిత్రమేంటంటే పింజరజాతి పాముల విషానికి ఇప్పుడు దాన్నే ఇంకో మందుతో కలిపి ఎలుకల్లో పరీక్షిస్తే బాగా పనిచేసింది. ఆ విషంలో లోహపు ఎంజైములు ఒకటి కాదు, రకరకాలు, అందర్నీ ఒకేసారి ఆపేది కావాలి. పైగా పాముకాటుకి నెలల తరబడి మింగే పనుండదు కాబట్టి కీళ్లనొప్పుల భయం అంతగా ఉండదు.