కొండ నడకకు ఎలాంటి బైనాక్యులర్? నికాన్ ప్రోస్టాఫ్ పీ3 8×42 పై సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు నుంచి సామాను వీపున వేసుకుని మహేంద్రగిరి ఎక్కేవారిలో చాలామంది, బైనాక్యులర్ కొనేటప్పుడు అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందన్న ఒక్క విషయమే ఆరా తీస్తారు. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద నికాన్ ప్రోస్టాఫ్ పీ3 8×42ను వాడుతున్న నాకు, వెలుగు, బరువు, చేతి నిలకడ అనే మూడూ అంతకంటే ముఖ్యమని అనిపిస్తుంది.

8 అంటే పెద్దదిగా చూపే రెట్లు, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే మన కంటిని చేరే వెలుగు వలయం వెడల్పు. జేబులో పట్టే 10×25 రకంలో అది 2.5 మాత్రమే. అందువల్ల మిట్టమధ్యాహ్నం రెంటిలోనూ బాగానే కనిపించినా, తెల్లవారుజామున కంటిపాప విప్పారి ఉన్నప్పుడు చిన్నదానిలో కొమ్మ మీది పక్షి నల్లటి మచ్చగానే మిగిలిపోతుంది. ఈ 8×42లో దాని గొంతు రంగు, రెక్క మీది చారలు విడివిడిగా తెలుస్తాయి.

10×42 కొనమనే సలహాలు ఎక్కువగా అమెరికా కొండల్లో వేటకు వెళ్లేవారి అవసరాల నుంచి వచ్చినవి. వారు చెట్లు పలచగా ఉన్న వాలుల్లో ఒకచోట కూర్చుని, లోయకు అవతలి జంతువు కోసం గంటల తరబడి వెతుకుతారు కాబట్టి 10×42ను, కొందరైతే ట్రైపాడ్ మీద పెట్టి 15×56ను కూడా వాడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. మనం వెళ్లేది చూడడానికే, అది ఎంతో మంచి విషయం. ఇక్కడి చెట్ల మధ్య దూరాలు తక్కువ. ఎక్కిన ఆయాసంలో చేతులు నిలవవు, ఆ వణుకును 10× మరింత పెద్దది చేస్తుంది.

దీని బరువు 565 గ్రాములు. మెడపట్టీతో రోజంతా మోస్తే మెడ నొప్పి పుడుతుంది కనుక, భుజాల మీదుగా వచ్చే పట్టీని విడిగా కొనుక్కోవడం మేలు. వెయ్యి మీటర్ల దూరంలో 126 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. కంటికీ కటకానికీ మధ్య 20.2 మిల్లీమీటర్ల వరకు ఎడం ఉండవచ్చు కాబట్టి కళ్లద్దాలు తీయనక్కరలేదు. కళ్లు ఆనించే చోట ఉండే గిన్నెల్లాంటి అంచులను లోపలికి తిప్పుకుంటే చాలు. లోపల నైట్రోజన్ నింపి ఉన్నందున మంచులో కూడా లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు. నికాన్‌దే మరో మోడల్ మోనార్క్ ఎం5లో ఉండే, బొమ్మ అంచుల్లో రంగులు చిందకుండా తగ్గించే ఈడీ గాజు మాత్రం ఇందులో లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీది గూడబాతులను తెల్లటి ఆకాశం నేపథ్యంలో చూసేవారికి ఆ తేడా తెలియవచ్చు. కొండ నడకకు అదనపు ఖర్చు అవసరమని నేను అనుకోను.

బరంపురంలో కొన్నా, మరెక్కడ కొన్నా, పెట్టెలోంచి తీసిన పీసునే దుకాణం బయటికి తెచ్చి దూరంగా ఉన్న బోర్డును చూడాలి. ముందుగా కుడి కటకం మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి అక్షరాలు స్పష్టపరచుకుని, తరువాత ఎడమది మూసి కుడి కంటి రింగు సరిచేయాలి. రెండు కళ్లతో చూసినప్పుడు అక్షరాలు రెండుగా విడిపోయినా, కాసేపటికే కళ్లు లాగినట్లు అనిపించినా, ఆ పీసు తిరిగి ఇచ్చి మరొకటి అడగాలి.