చాట్ ఛానెళ్లకు ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌ను కలిపి వాడితే: దీర్ఘకాల అనుభవం

మా బృందం రోజంతా మాట్లాడుకునే చాట్ ఛానెళ్లను, పనుల లెక్క ఉండే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానించి చాలాకాలమైంది. స్లాక్ అనే చాట్ యాప్‌కు జీరా అనే ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌ను కలిపినా, అలాగే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు ఆసనాను కలిపినా ఏర్పాటు ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది కనుక, ఈ సమీక్షను ఏ ఒక్క ఉత్పత్తికీ పరిమితం చేయడం లేదు. చాట్ నుంచి టికెట్లకు, అంటే ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పనికీ తెరిచే నమోదులకు, వెళ్లే దారి ఎంతో విలువైనదనీ, టికెట్ల నుంచి చాట్‌కు వచ్చే దారిని మాత్రం ఎంత ఇరుకు చేస్తే అంత మేలనీ ఇన్నాళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

మొదటి దారి సంగతి చూద్దాం. టెస్టింగ్ చూసే సహోద్యోగి ఒకరు ఛానెల్లో “రీఫండ్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండు రిక్వెస్టులు వెళ్తున్నాయి” అని రాస్తారు. ఆ సందేశం పక్కనున్న మూడు చుక్కల మెనూలో టికెట్ తెరిచే ఆప్షన్ నొక్కగానే చిన్న ఫారం వస్తుంది. ప్రాజెక్టు, ప్రాధాన్యం, ఎవరికి అప్పగించాలన్నది నింపితే చాలు, సందేశంలోని మాటలే వివరణగా చేరిపోయి, టికెట్ నంబరు అదే థ్రెడ్‌లో (ఆ సందేశం కింది జవాబుల వరుసలో) కనబడుతుంది. అనుసంధానం లేని రోజుల్లో ఇలాంటి మాట “చూస్తాను” అన్న జవాబుతోనో, ఒక థమ్సప్ గుర్తుతోనో ముగిసి, సాయంత్రానికి వందల సందేశాల కింద పడిపోయేది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా అనుసంధానం పెట్టుకోవచ్చు.

అయితే మేము వాడే ఏర్పాటులో టికెట్‌లోకి వెళ్లేది ఆ మొదటి సందేశం మాత్రమే. తప్పు ఏ బ్రౌజర్‌లో వస్తోంది, ఎప్పటి నుంచి వస్తోంది అన్న అసలైన సమాచారం థ్రెడ్‌లో తర్వాతి జవాబుల్లోనే ఉండిపోతుంది. టికెట్‌లో చాట్ లింకు ఉంది కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన సందేశాలు కనబడవు. అందుకే నిర్ణయం ఎక్కడ జరిగినా, దాన్ని టికెట్‌లో రెండు వాక్యాల్లో రాయాలన్న నియమం పెట్టుకున్నాం.

ఇక రెండో దారి. కొత్త టికెట్, కామెంట్, స్టేటస్ మార్పు, అప్పగింత అన్నిటికీ నోటిఫికేషన్ పంపేలా వదిలేస్తే, స్ప్రింట్ (పనిని విభజించుకునే చిన్న గడువు) ముగిసిన రోజున మిగిలిన టికెట్లన్నీ ఒక్కసారిగా తర్వాతి స్ప్రింట్‌కు మారినప్పుడు ఛానెల్ నిండా బాట్ సందేశాలే ఉంటాయి. బయటి ప్రోగ్రాములు స్లాక్‌లోకి సందేశాలు పంపే ఇన్‌కమింగ్ వెబ్‌హుక్‌లకు దాదాపు సెకనుకు ఒక సందేశమన్న హద్దు ఉంది. అది దాటితే హద్దు మించారని చెప్పే 429 అనే ఎర్రర్ వస్తుంది, అప్పుడు మళ్లీ పంపే ఏర్పాటు లేని స్క్రిప్టు అయితే ఆ సందేశం పోయినట్టే. ఇంతకన్నా పెద్ద నష్టం మనుషుల వైపు నుంచి వస్తుంది. విసుగెత్తిన వారు ఛానెల్‌ను మ్యూట్ చేస్తారు, దాంతో నిజంగా అత్యవసరమైనది కూడా వారికి అందదు. మేము బాట్ సందేశాలకు వేరే ఛానెల్ కేటాయించి, మాట్లాడుకునే ఛానెల్‌లోకి మాత్రం అత్యధిక ప్రాధాన్యం ఉన్నవీ, బ్లాక్ అయినవీ తప్ప ఏవీ రాకుండా ఫిల్టర్ పెట్టాం. జీరా వాడేవారు దీన్ని జేక్యూఎల్ (జీరాలో టికెట్లను వెతికే భాష) షరతుతో సులువుగా రాసుకోవచ్చు.

ఏర్పాటు చేసేటప్పుడు ఎవరూ పట్టించుకోని విషయం, అనుసంధానం ఎవరి ఖాతాతో జరిగిందన్నది. ఒక వ్యక్తి అనుమతితో నడిచే అనుసంధానం, ఆ వ్యక్తి సంస్థ వదిలి ఖాతా రద్దయిన రోజున చడీచప్పుడు లేకుండా ఆగిపోవచ్చు. మాకు అదే జరిగింది. నోటిఫికేషన్లు రాకపోవడాన్ని అందరూ ప్రశాంతమైన వారంగా భావించారు! ఇప్పుడు అనుసంధానం ప్రత్యేకమైన సర్వీస్ ఖాతా మీద ఉంది. దానికి అవసరమైన ప్రాజెక్టులు తప్ప మరేవీ కనబడవు. ఆ రెండో జాగ్రత్త కూడా ముఖ్యమే. బయటి భాగస్వాములు ఉన్న ఛానెల్లో ఎవరైనా అంతర్గత టికెట్ లింకు అతికిస్తే, ప్రివ్యూలో దాని శీర్షిక అందరి కంటా పడే ప్రమాదం ఉంటుంది.

ఒకసారి పెట్టి మరచిపోయే ఏర్పాటు కూడా కాదిది. బయటి సాఫ్ట్‌వేర్ సందేశాలను టీమ్స్‌లోకి తెచ్చే పాత కనెక్టర్లను విరమించి, వాటి బదులు వర్క్‌ఫ్లోలు అనే ఆటోమేటిక్ ఏర్పాట్లకు మారాలని మైక్రోసాఫ్ట్ 2024 జూలైలో ప్రకటించడంతో, వాటి మీద ఆధారపడిన బృందాలు పని మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ వర్క్‌ఫ్లోలు కూడా వాటిని సృష్టించిన వ్యక్తి పేరుతోనే ఉంటాయి కనుక, సహ యజమానిగా మరొకరిని చేర్చడం మంచిది.

కామెంట్లను రెండు వైపులా అద్దంలా చూపే సదుపాయాన్ని కొంతకాలం వాడి ఆపేశాం. చాట్‌లో ఎవరైనా సందేశాన్ని సవరించినా, తొలగించినా, టికెట్‌లో పాత ప్రతే మిగిలిపోయేది. పైగా “సరే”, “థాంక్యూ” వంటి మాటలన్నీ టికెట్ చరిత్రలోకి చేరి, అసలు వివరం వెతకడమే కష్టమైంది.