బోటు మోటారు కొంటున్నారా? ప్రొపెల్లర్ మీద అంకెలు చూడకుండా డబ్బు కట్టకండి

మధ్యమానేరు, ఎల్లంపల్లి, లక్నవరం జలాశయాల వైపు పడవకు ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక బయటివైపు బిగించే ఇంజిను) పెట్టించాలనుకునే వారందరికీ ఈ హెచ్చరిక. "హైదరాబాద్ ధర కంటే తక్కువకే ఇస్తాను, బిగించి, నడిపి చూపించి మరీ వెళ్తాను" అంటూ ఊళ్లకు వచ్చే ఏజెంటు ఒకడున్నాడు. మా మత్స్య సహకార సంఘం అతని దగ్గరే 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు కొన్నది. పేరు రాయను. చేసే పనులు చెబుతాను, గుర్తుపట్టడానికి అవి చాలు.

పెట్టె విప్పి, ఆయిలు పోసి, మోటారును నీళ్ల డ్రమ్ములో దించి కాసేపు ఊరికే తిప్పాడు. "రన్నింగ్-ఇన్ అయిపోయింది, ఇక ఎంత లాగినా ఫరవాలేదు" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. రన్నింగ్-ఇన్ అంటే కొత్త ఇంజిను భాగాలు ఒకదానికొకటి ఒదిగేలా జాగ్రత్తగా నడిపే మొదటి గంటలు. కొత్త సిలిండర్ గోడ మీద తయారీలోనే గీసిన సన్నని హోనింగ్ గీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటికి రాసుకుని ఒదగాలంటే ఇంజిను మీద బరువు పడాలి, వేగం మారుతూ ఉండాలి. డ్రమ్ములో బరువేదీ? ఈ తరహా మోటార్లకు మామూలుగా చెప్పే పద్ధతి 10 గంటలది. మొదటి గంట సగం థ్రాటిల్ (వేగం పెంచే పిడి), అంటే 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటకూడదు. రెండో గంట ముప్పావు, 3000 వరకు. మిగతా ఎనిమిది గంటల్లో ఫుల్ థ్రాటిల్ ఇవ్వవచ్చు గానీ ఏకబిగిన 5 నిమిషాలకు మించకూడదు. ఆ తర్వాత మొదటి సర్వీసులో ఇంజిన్ ఆయిల్‌తో పాటు గేర్ ఆయిల్ కూడా మార్చాలి. మీ మోడల్ పుస్తకంలో అంకెలు వేరుగా ఉంటే పుస్తకం మాటే చెల్లుతుంది. మా పుస్తకాన్ని ఆ మహానుభావుడు "వారంటీ రిజిస్ట్రేషన్ కోసం" అని సంచిలో వేసుకుని పోయాడు!

పోయే ముందు ఇద్దరిని ఎక్కించుకుని ఖాళీ పడవను మొదటి నిమిషం నుంచే ఫుల్ థ్రాటిల్‌లో పరుగెత్తించాడు. ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అసలు మాయ అక్కడే ఉంది.

ప్రొపెల్లర్ అంటే నీళ్లను వెనక్కి నెట్టి పడవను నడిపే రెక్కల చక్రం. దాని హబ్బు (నడిమి దిమ్మ) మీద రెండు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మా దాని మీద పెయింటు గీకితే 9.25 × 11 అని కనిపించింది. మొదటిది రెక్కల చుట్టుకొలత కాదు, వ్యాసం, అంగుళాల్లో. రెండోది పిచ్, అంటే జారుడు లేకుండా ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్లాలో ఆ లెక్క. 11 పిచ్ తేలికైన పడవకు పనికొస్తుంది. వలలు, ఐసు పెట్టెలు, ఆరేడుగురు మనుషులు ఎక్కే మా పడవకు అది నిండు లారీని పెద్ద గేరులో ఘాట్ రోడ్డు ఎక్కించడమే. చేపలతో తిరిగి వస్తుంటే ముక్కు పైకి లేచి, మోటారు మూలిగేది, పడవ మాత్రం కదిలేది కాదు. కరీంనగర్ నుంచి వచ్చిన తెలిసిన మెకానిక్ ప్లగ్ వైరుకు చిన్న టాకోమీటర్ (ఇంజిను చుట్లు కొలిచే మీటరు) తీగ చుట్టి చూస్తే ఫుల్ థ్రాటిల్‌లో 4500 దాటలేదు. ఆ మోటారు 5000 నుంచి 6000 మధ్య తిరగాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 8 పిచ్ తెచ్చి వేయగానే అదే బరువుతో 5100కు చేరింది. అయితే అప్పటికే రింగులు ఒదగని ఇంజినులా ఆయిలు తాగడం, నీలం పొగ రావడం మొదలయ్యాయి.

ఫోను చేస్తే ఏజెంటు సమాధానం: "ఓవర్‌లోడ్ చేశారు, వారంటీ వర్తించదు." వలలన్నీ పడవలోంచి దింపించి ట్రయల్ వేసిన మనిషి అనే మాటేనా ఇది?

ఇంకో సంగతి. మెరిసే స్టీలు ప్రొపెల్లర్ చూపించి "జీవితాంతం వంగదు" అని అంటగట్టాలని చూస్తాడు. మధ్యమానేరులో నీళ్ల కింద మునిగిన ఊళ్ల మొండిగోడలు, చెట్ల మోళ్లు ఉన్నాయి. అక్కడ రెక్క వంగితేనే మేలు. అల్యూమినియం రెక్క వంగి దెబ్బ తను తింటుంది, స్టీలు రెక్క వంగకపోతే ఆ దెబ్బ గేర్ల దాకా పోయే ప్రమాదం ఎక్కువ. ఏ రెక్క వేసినా అప్పుడప్పుడు విప్పి చూడండి. వల దారం షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తే నీళ్లు దూరి గేర్ ఆయిల్ పాలలా తెల్లబడుతుంది.

అతను వస్తే బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించండి, పుస్తకం మీ చేతిలో పెట్టించుకోండి. రన్నింగ్-ఇన్ గంటలు పూర్తయ్యాక మీరు రోజూ వేసే బరువంతా ఎక్కించి, టాకోమీటర్ పెట్టించి, ఫుల్ థ్రాటిల్‌లో ముల్లు 5000 దాటుతుందో లేదో చూడండి. దాటకపోతే ప్రొపెల్లర్ మార్చే ఖర్చు అతనిదేనని ముందే కాగితం మీద రాయించుకుని, అప్పటిదాకా కొంత సొమ్ము ఆపి ఉంచండి. ఈ షరతుకు ఒప్పుకోకపోతే మోటారు పెట్టె విప్పనివ్వకండి.