ఇంటెల్ ప్రో/1000 సీటీ లాన్ కార్డు: డెబియన్ సర్వర్‌లో వాడి చూశాక

పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా శుభలేఖలు తయారుచేసే ఒక డీటీపీ కేంద్రంలో, ఫైళ్లన్నీ దాచే డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటరుకు ఈ మధ్య ఈ కార్డు అమర్చాను. కాలబైశాఖి గాలివానల రోజుల్లో పిడుగు నేరుగా భవనం మీద పడనక్కరలేదు. డాబాల మీదుగా లాగిన రాగి తీగలోకి ఒక్కసారిగా ఎగదన్నే వోల్టేజీ చాలు, మదర్‌బోర్డు మీది లాన్ పోర్టు కాలిపోవడానికి. ఇక్కడ జరిగిందీ అదే. తక్కిన బోర్డు నిక్షేపంగా ఉన్నందున దానిని మార్చకుండా, విశాఖపట్నంలో పాత సామాను అమ్మే ఒక వ్యాపారి నుంచి ఇంటెల్ ప్రో/1000 సీటీ డెస్క్‌టాప్ అడాప్టరును వెయ్యి రూపాయల లోపు ధరకు తెప్పించాం.

దీనిలో ఉన్నది 82574ఎల్ చిప్. పదిహేనేళ్లు దాటిన డిజైన్. అతి చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో కూర్చుంటుంది, సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఇస్తుంది. దీని డ్రైవరైన ఈ1000ఈ లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌తోనే వస్తుంది, విడిగా ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాము) ఫైలు అడగదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాంటి ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు ఇది పెద్ద విశేషం కాకపోవచ్చు గాని, పాత డెబియన్ నడుస్తున్న యంత్రాలకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

కార్డు పెట్టి యంత్రం తెరవగానే నెట్‌వర్క్ రాలేదు. పీసీఐ పరికరాలను చూపే ఎల్ఎస్‌పీసీఐ జాబితాలో 8086:10డీ3 అనే గుర్తింపు కనిపించింది కాబట్టి స్లాటు, చిప్ రెండూ బాగున్నట్టే. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో డ్రైవరు కూడా ఎక్కినట్టు ఉంది. లోపం పేరులో ఉంది. ఇప్పటి డెబియన్‌లో ఇంటర్‌ఫేసుకు (అంటే నెట్‌వర్క్ పోర్టుకు) పేరు అది కూర్చున్న చోటును బట్టి వస్తుంది. ఈఎన్‌పీ3ఎస్0 అన్న పేరులోని 3 పీసీఐ బస్ సంఖ్య. సెట్టింగుల ఫైలులో పాత పోర్టు పేరే ఉండిపోయింది కనుక కొత్త కార్డుకు ఐపీ చిరునామా ఇచ్చేవారే లేకపోయారు. పైగా కొత్త కార్డు చేరినప్పుడు బస్ సంఖ్యలు జరిగి, ముందునుంచీ ఉన్న పోర్టు పేరు కూడా మారవచ్చు. కార్డులోనే రాసి ఉండే మ్యాక్ చిరునామాను ఆధారంగా చేసుకొని, పోర్టుల పేర్లు పెట్టే సిస్టమ్‌డీ లింక్ ఫైలులో స్థిరమైన పేరు రాసి పెడితే ఈ తలనొప్పి మళ్లీ రాదు.

నాకు ఈ కార్డు మీద గురి కుదిరింది ఆ తర్వాతి చిక్కులో. నెట్‌వర్క్ వచ్చింది గాని, లింకు వివరాలు చూపే ఈథ్‌టూల్‌లో వేగం 1000 మెగాబిట్ల బదులు 100 అని చూపించింది. పాత కార్డు కొన్నప్పుడు ఎవరైనా మొదట అనుమానించేది కార్డునే. అయితే డీమెసేజ్‌లో, స్మార్ట్‌స్పీడ్ లింకు వేగాన్ని తగ్గించిందని డ్రైవరు తనంతట తానే ఒక వాక్యం రాసి ఉంచింది. దాని అర్థం, అవతలి నెట్‌వర్క్ స్విచ్‌తో గిగాబిట్ వేగానికి ఒప్పందం కుదిరినా ఆ వేగంలో లింకు నిలబడక, చిప్ ఒక మెట్టు కిందికి దిగిందని. 100 వేగానికి కేబులులోని నాలుగు జతల తీగల్లో రెండు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఈథ్‌టూల్ లెక్కల్లో సీఆర్‌సీ తప్పులు (దారిలో చెడిన ప్యాకెట్లు) సున్నాగా ఉన్నాయి కాబట్టి పనిచేస్తున్న రెండు జతలు శుభ్రంగా ఉన్నట్టే. తెగినది మిగిలిన రెండింటిలో ఒకటి అయ్యుండాలి. అయినా డ్రైవరు మీద అనుమానం మిగలకూడదని ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాని మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో అదే యంత్రాన్ని తెరిచి చూశాను. అక్కడ ఈఎం0 అనే పేరుతో కనిపించిన ఇదే కార్డు అదే 100 దగ్గర ఆగింది. యంత్రాన్ని స్విచ్ పక్కనే పెట్టి పొట్టి ప్యాచ్ కేబులు తగిలిస్తే మాత్రం వెంటనే 1000కి ఎక్కింది. పాత కేబులు ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే, నీలం జతలో ఒక తీగ కొసదాకా చేరకుండా పిన్ను ముందే ఆగిపోయి ఉంది. ఆ కొస కోసి కొత్త ప్లగ్గు క్రింప్ చేయించాక వేగం కొలిచే ఐపర్ఫ్3 పరీక్షలో దాదాపు 940 మెగాబిట్లు వచ్చింది, అంటే గిగాబిట్ లింకు మీద ఆశించదగినంత. కాలిపోయిన పాత పోర్టు కూడా ఎన్నాళ్ల నుంచో 100 మీదే నడిచి ఉంటుంది, అడిగినవారు లేరు.

లోపాలు లేవని కాదు. కరెంటు ఆదా కోసం పీసీఐ లింకును నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం పద్ధతి ఈ చిప్‌కు సరిపడదు. అందుకే లినక్స్ డ్రైవరు ఈ చిప్ విషయంలో దానిని తానే ఆపేస్తుంది. అయినా కొన్ని బోర్డుల మీద హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అన్న సందేశం కనిపిస్తే, కెర్నెల్‌కు పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్ అన్న ఆదేశం ఇచ్చి చూడడం మంచిది. 2013లో ఇదే చిప్ ఉన్న కొన్ని బోర్డులు, ఒక ప్రత్యేకమైన ప్యాకెట్ రాగానే స్తంభించిపోతున్నాయని బయటపడింది. అది ఒక బోర్డు తయారీదారు ఈఈప్రామ్‌ను (చిప్ సెట్టింగులు దాచే మెమరీని) తప్పుగా రాయడం వల్ల వచ్చిందని ఇంటెల్ వివరణ ఇచ్చింది. ఈ విడి కార్డులో నాకు అలాంటిదేమీ ఎదురుకాలేదు.

రెండున్నర గిగాబిట్ల స్విచ్ కొనే ఆలోచన ఉన్నవారికి ఇది పనికిరాదు. సన్నటి క్యాబినెట్ ఉన్నవారు పొట్టి బ్రాకెట్ కూడా ఇస్తున్నారో లేదో డబ్బు కట్టకముందే అడగాలి. మాకు పొడుగుది ఒక్కటే వచ్చింది, మా క్యాబినెట్ పెద్దది కాబట్టి సరిపోయింది. పాత సరుకులో నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి, మ్యాక్ చిరునామాలోని మొదటి మూడు బైట్లు ఇంటెల్ పేరు మీద నమోదైనవో కావో చూసుకొని, కార్డు మీద అతికించిన చీటీలోని సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే అదే రోజు తిప్పి పంపేయడం మేలు.